ఒక్క కర్రతో నాలుగొందల బాతులు

ప్రశ్న: మాస్టారూ, మావాడు బీటెక్ అయ్యాక ఉద్యోగం వద్దు, రీసెర్చ్ చేస్తానంటున్నాడు. 'మల్టీ ఏజెంట్ కంట్రోల్' అట. డ్రైవర్ లేని కార్లు, డ్రోన్లు, ఉపగ్రహాలు గుంపుగా ఎలా నడుచుకోవాలో లెక్కకట్టడమట. ఇదీ ఒక చదువేనా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, కావలి

జవాబు: చదువేనమ్మా, మంచి చదువు. మన జిల్లాలో వరికోతలయ్యాక మళ్లలోకి బాతులను తోలుకురావడం మీరూ చూసే ఉంటారు. చిన్నప్పుడు మా కోవూరులో కాలువగట్టున కూర్చుని గంటల తరబడి చూసేవాణ్ణి. నాలుగొందల బాతులకు మనిషి ఒక్కడే. ప్రతి బాతునూ అదిలించడు. అంచున నడిచే నాలుగింటి పక్కన కర్ర ఆడిస్తాడు. అవి తిరుగుతాయి, వాటిని చూసి పక్కవి, వాటిని చూసి ఇంకొన్ని. మంద మొత్తాన్ని ఏ బాతూ చూడదు. పక్కదాన్ని మాత్రమే చూసి నడిచే గుంపు చెదరకుండా ఉండాలంటే ఏ నియమం పెట్టాలి, ఎన్నింటిని అదిలిస్తే చాలు? మీ అబ్బాయి చదవబోయేది ఇదే.

కార్ల గుంపూ ఇలాగే. జపాన్‌లో 230 మీటర్ల గుండ్రటి దారిలో 22 కార్లు నడిపించారు. సిగ్నల్ లేదు, గుంత లేదు. అయినా కాసేపటికి ట్రాఫిక్ జామ్ దానంతటదే పుట్టింది. ముందువాడు కాస్త తగ్గితే వెనకవాడు ఇంకొంచెం గట్టిగా బ్రేకు వేస్తాడు, ఆ వెనకవాడు మరీ గట్టిగా. ఈ ప్రయోగం 2008లో అచ్చయింది. తర్వాత అమెరికాలోని టూసాన్‌లో అలాంటి దారిలోనే ఇరవైకి పైగా కార్లు పెట్టి, ఒక్కదాని వేగాన్ని కంప్యూటర్‌కు అప్పగించారు. అది ముందు ఖాళీ వదిలి నిదానంగా, నిలకడగా పోయింది. వెనకవాళ్ల బ్రేకులు తగ్గి ఆ జామ్ కరిగిపోయింది. ఒక్క కారుతో! అది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు, ఆ బాతులాయనే కళ్లముందు మెదిలాడు.

ఆకాశంలో ఇది ఇంకా కష్టం. 2024 డిసెంబర్ 30 రాత్రి పదింటికి శ్రీహరికోట నుంచి స్పేడెక్స్, అంటే రెండు ఉపగ్రహాలను అంతరిక్షంలో కలిపే ఇస్రో ప్రయోగం, ఎగరడం నెల్లూరులో మా మిద్దెమీద నుంచి చూశాం. సుమారు 220 కిలోల ఉపగ్రహాలు రెండు. వాటిని మూడు మీటర్ల దూరానికి తెచ్చి, మళ్లీ వెనక్కి జరిపి, చివరికి జనవరి 16న కలిపారు. రెండింటికే అంత జాగ్రత్త పడ్డారంటే, ఇరవై ఉపగ్రహాలకు ఎంత లెక్క కావాలో చూడండి.

డబ్బు సంగతి అడగలేదు గానీ చెప్తాను. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసే విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 ఇస్తారు. లీనియర్ ఆల్జీబ్రా, అవకలన సమీకరణాలు గట్టిగా చదవమనండి. ఆ 22 కార్లను ఇంట్లో కంప్యూటర్‌లో నడిపి, జామ్ పుట్టించి మీకే చూపించమనండి.