మూత్రం వస్తున్నంత మాత్రాన కిడ్నీలు బాగున్నట్టేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. చాలాకాలంగా మధుమేహం ఉంది. మూత్రం ఎప్పటిలాగే వస్తోంది. నొప్పి గాని, మంట గాని లేవు. అయినా పరీక్షలు చూసిన డాక్టరుగారు కిడ్నీల పనితనం సగానికి తగ్గిందన్నారు. ఇదెలా సాధ్యమండీ?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మూత్రం తయారుచేయడమే మూత్రపిండాల పని అనుకుంటాం కాబట్టి ఈ సందేహం వస్తుంది. నిజానికి వాటి అసలు పని రక్తంలోని నీటినీ, లవణాలనూ, ఆమ్లాలనూ ఉండవలసిన పాళ్లలో ఉంచడం. ఆ పని ముగిశాక మిగిలేదే మూత్రం.

ఒక్కొక్కటి సుమారు 150 గ్రాములుండే ఈ రెండు అవయవాలు పొట్ట వెనుక భాగంలో, వెన్నెముకకు ఇరుపక్కలా, దిగువ పక్కటెముకల చాటున ఉంటాయి. పైన కాలేయం ఉండటం వల్ల కుడివైపుది కాస్త కిందికి ఉంటుంది. గుండె నిమిషానికి పంపే 5 లీటర్ల రక్తంలో దాదాపు అయిదో వంతు వీటికే వెళుతుంది. ఒక్కో మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో సన్నని రక్తకేశనాళికల గుచ్ఛం, దాని వెంట పొడవైన సూక్ష్మనాళిక ఉంటాయి. గుచ్ఛంలో రక్తకణాలనూ పెద్ద ప్రొటీన్లనూ ఆపేసి మిగిలిన ద్రవాన్ని వడపోస్తే, ఆ ద్రవం రోజుకు 180 లీటర్లవుతుంది. మన ఒంట్లో ఉండే ప్లాస్మా 3 లీటర్లే గనుక, అదే ప్లాస్మా రోజులో 60 సార్లు వడపోతకు వస్తోందన్నమాట. ఆ ద్రవంతోపాటు సుమారు కిలోన్నర ఉప్పు, 180 గ్రాముల గ్లూకోజు కూడా నాళికల్లోకి దిగిపోతాయి. అటకమీది సామానంతా కిందికి దించి, కావలసినవి మాత్రమే తిరిగి పైకి సర్దినట్టుగా, సూక్ష్మనాళికలు గ్లూకోజును దాదాపు మొత్తంగా, నీటినీ ఉప్పునూ 99 శాతం దాకా రక్తంలోకి వెనక్కి తీసుకుంటాయి. చివరికి బయటికి వచ్చేది లీటరో, రెండు లీటర్లో.

మీ నాన్నగారి విషయం ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. వడపోత సగానికి పడిపోయినా రోజుకు ఇంకా 90 లీటర్లు దిగుతూనే ఉంటుంది. నాళికలు వెనక్కి తీసుకునేది తగ్గిస్తే చాలు, మూత్రం ఎప్పటిలాగే లీటరున్నర వస్తుంది. పైగా మూత్రాన్ని చిక్కబరిచే శక్తి సన్నగిల్లినవారు రాత్రిళ్లు ఎక్కువసార్లు లేస్తారు గనుక, మూత్రం పెరిగినట్టే కనిపించవచ్చు. మధుమేహంలో తరచుగా ముందు దెబ్బతినేది వడపోత పొర. అల్బుమిన్ అనే ప్రొటీన్ కొద్దికొద్దిగా కారడం తొలి సూచన. కంటికి కనిపించే నురగ వచ్చేదాకా ఆగకుండా, మధుమేహం ఉన్నవారు ఏటా మూత్రంలో అల్బుమిన్ పరీక్ష, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపవలసిన వ్యర్థం) పరీక్ష తప్పక చేయించుకోవాలి.

ప్రశ్న: మా అమ్మకు 65 ఏళ్లు, నాకు 28. ఇద్దరికీ క్రియాటినిన్ 1.2 వచ్చింది. నాకు భయం లేదన్నారు, అమ్మకు మాత్రం మళ్లీ పరీక్షలు రాశారు. ఒకే అంకెకు రెండు అర్థాలు ఎందుకు?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: మీ డాక్టరుగారు సరిగ్గానే చెప్పారు. క్రియాటినిన్ పుట్టేది కండరాల్లో. కండరానికి అప్పటికప్పుడు శక్తినందించే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వెలుగులోకి తెచ్చినవారు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. (ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా వివరంగా ఉండవలసిందని నా అభిప్రాయం.) ఈ ఫాస్ఫోక్రియాటిన్, క్రియాటిన్ రోజూ ఇంచుమించు ఒకే వేగంతో కొద్ది కొద్దిగా క్రియాటినిన్‌గా మారతాయి, దాన్ని మూత్రపిండాలు బయటికి పంపుతాయి.

అంటే రక్తంలో కనిపించే అంకె వెనుక రెండు విషయాలున్నాయి: కండరం ఎంత తయారుచేస్తోంది, వడపోత ఎంత పంపేస్తోంది. యువకుడికి కండ ఎక్కువ, తయారీ ఎక్కువ, 1.2 ఉన్నా వడపోత బాగానే ఉండవచ్చు. వయసు మీరిన స్త్రీకి కండ తక్కువ, తయారీ తక్కువ. అంత తక్కువ తయారీతోనూ 1.2కి చేరిందంటే పంపడం మందగించిందని అర్థం. వయసునూ, స్త్రీ పురుష భేదాన్నీ లెక్కలోకి తీసుకునే సూత్రం ప్రకారం మీ వడపోత వేగం నిమిషానికి 80 మిల్లీలీటర్లు దాటుతుంది, అమ్మగారిది 50 దగ్గర ఉంటుంది. ల్యాబ్ కాగితంలో క్రియాటినిన్ కింద ఇ.జి.ఎఫ్.ఆర్. అని ముద్రించేది ఈ లెక్కనే. దాన్ని చూడకుండా క్రియాటినిన్ ఒక్కటే చూసి ఊరట చెందకూడదు. అయితే ఒక్క పరీక్షతో నిర్ణయానికీ రాకూడదు. తగ్గుదల మూడు నెలలకు మించి ఉంటేనే దీర్ఘకాలిక వ్యాధి అంటారు.

ప్రశ్న: కిడ్నీ జబ్బున్న మా పిన్నికి రక్తం తక్కువగా ఉంది. ఐరన్ బిళ్లలు వేసుకుంటున్నా పెరగడం లేదు.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఎర్రకణాలు తయారయ్యేది ఎముక మజ్జలో, కానీ వాటిని తయారుచేయమనే కబురు వెళ్లేది మూత్రపిండాల నుంచి. రక్తంలో ప్రాణవాయువు తగ్గిందని గుర్తించి అవి ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను విడుదల చేస్తాయి. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులే గనుక కబురు తగ్గితే లోటు త్వరలోనే బయటపడుతుంది. ఇనుము ముడిసరుకు మాత్రమే. అది చాలినంత ఉన్నా రక్తం పెరగనప్పుడు హార్మోను ఇంజెక్షన్ అవసరమా అన్నది నెఫ్రాలజిస్టు తేలుస్తారు.

ప్రశ్న: రోజుకు 5 లీటర్ల నీళ్లు తాగితే కిడ్నీలు శుభ్రపడతాయంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: కాదు. నీరు తగ్గితే మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి ఒక హార్మోను వదులుతుంది. దాని ప్రభావంతో మూత్రం రక్తంకంటే నాలుగు రెట్ల దాకా చిక్కబడుతుంది. నీరు ఎక్కువైతే ఆ హార్మోను ఆగిపోయి మూత్రం పలచబడుతుంది. దాహాన్ని బట్టి తాగితే ఆరోగ్యవంతులకు సరిపోతుంది. రాళ్లు ఏర్పడే తత్వం ఉన్నవారూ, ఎండలో పనిచేసేవారూ ఎక్కువ తాగాలి. జబ్బు ముదిరినవారూ, గుండె బలహీనంగా ఉన్నవారూ డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో కూలికి వెళ్లేవాళ్లం సాయంత్రం ఒళ్లు నొప్పులకు బిళ్ల వేసుకుంటాం. మా ప్రాంతంలో ఇంతమందికి వస్తున్న కిడ్నీ జబ్బు దానివల్లేనంటారా?
– ఒక పాఠకుడు, కవిటి మండలం

జవాబు: ఉద్దానం వ్యాధికి ఫలానాదే కారణమని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు, కాబట్టి బిళ్లల మీదే నెపం వేయడం మీకు న్యాయం చేసినట్టు కాదు. అయినా వాటివల్ల హాని మాత్రం నిజం. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు, వడపోత గుచ్ఛానికి రక్తం తెచ్చే సన్నని ధమని మూసుకుపోకుండా ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు కాపాడతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి బిళ్లలు సరిగ్గా వాటినే అడ్డుకుంటాయి. అందువల్ల ఎండలో పనిచేసి వచ్చిన రోజున, ఒంట్లో నీరు తక్కువగా ఉన్నప్పుడు, డాక్టరు చెప్పకుండా వాటిని వేసుకోవద్దు.

మరొక ముఖ్యమైన సంగతి: మీ ప్రాంతంలో వ్యాధి ఎక్కువగా గుచ్ఛాల్లో కాక, సూక్ష్మనాళికలలోనూ వాటి చుట్టూ ఉండే కణజాలంలోనూ మొదలవుతుంది. అందుకే మధుమేహం, రక్తపోటు లేనివారికీ వస్తుంది; మూత్రంలో ప్రొటీన్ పెద్దగా కారదు, నురగ కనిపించదు. మూత్రపరీక్ష బాగుందన్న ధీమాతో ఊరుకోకుండా, ఇంట్లో పెద్దలందరూ ఏటా రక్తంలో క్రియాటినిన్ చూపించుకోండి. పాత కాగితాలు పారేయకుండా దాచండి, ఎందుకంటే ఒక్క అంకెకంటే ఏడాదికేడాదికీ అది పెరుగుతున్న తీరే డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.