‘ఆటేగా’ అన్నందుకు మావగారు ముభావంగా ఉంటున్నారు

ప్రశ్న: ప్రేమించి పెళ్ళి చేసుకుని ఏడాది క్రితం కోల్‌కతా వచ్చాను. అత్తింటివాళ్ళు బెంగాలీలు. ఇంటిల్లిపాదీ ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ క్లబ్ అభిమానులు. మోహన్ బగాన్ చేతిలో ఓడిన రోజు రాత్రి ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. ఓదారుద్దామని మావగారితో “ఆటేగా, వదిలేయండి” అన్నాను. “బయటినుంచి వచ్చినదానివి, నీకేం తెలుస్తుంది!” అన్నారు. అప్పటినుంచి ముభావంగానే ఉంటున్నారు. మావారు పట్టించుకోవద్దంటారు. ఈ ఇంట్లో నేనెప్పటికీ పరాయిదాన్నేనా?

జవాబు: మీరు మంచి మనసుతోనే అన్నారమ్మా. ఆయన మాట మాత్రం ఎవరికైనా గుచ్చుకుంటుంది. అయితే ఆ కోపం వెనక మీకంటే చాలా పాత గాయం ఉందనిపిస్తోంది.

మోహన్ బగాన్ 1889లో పుట్టిన క్లబ్. 1911లో ఐఎఫ్ఏ షీల్డ్ అనే ఫుట్‌బాల్ టోర్నీ ఫైనల్లో దాదాపు అందరూ బూట్లు లేకుండానే ఆడి ఒక బ్రిటిష్ రెజిమెంట్ జట్టును ఓడించారు. ఈస్ట్ బెంగాల్ వచ్చింది 1920లో. తూర్పు బెంగాల్ (ఇప్పటి బంగ్లాదేశ్) వాళ్ళంటే చిన్నచూపు ఉందన్న బాధలోంచి పుట్టిందది. 1947లో దేశం చీలాక ఇల్లూ పొలమూ వదిలేసి లక్షల మంది అటునుంచి ఇటు వచ్చారు. శిబిరాల్లో, కాలనీల్లో తలదాచుకున్నారు. ‘బాంగాల్’ (తూర్పు బెంగాల్ వాడు) అని, వాళ్ళ యాసను, తిండిని ఎగతాళి చేసినవాళ్ళు తక్కువేం కాదు. అలా బతుకుతున్నవాళ్ళు ఎరుపు, బంగారు రంగు జెర్సీ గెలిచిన రోజున వీధిలో తలెత్తుకుని నడిచారు. ఇప్పటికీ ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు వండుకోవడం అక్కడి ఆనవాయితీ. ఆ ఇలిష్ మన గోదావరి పులసే.

మీ మావగారి పెద్దలు అలా వచ్చినవాళ్ళో కాదో మీ ఉత్తరంలో లేదు. వచ్చినవాళ్ళే అయితే, ‘ఆటేగా’ అన్న మాట ఆయనకు ‘మీ నాన్న పడిన కష్టం ఏపాటిదిలే’ అన్నట్టు వినిపించి ఉంటుంది. అది మీ తప్పు కాదు, ఆ సంగతి మీకెవరూ చెప్పలేదు. నిజానికి ‘బయటివాళ్ళు’ అన్న మాట ఎంత నొప్పిస్తుందో ఆ క్లబ్ అభిమానులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఇంకొకటి చెప్పాలి. 1950ల నాటి ఈస్ట్ బెంగాల్ వైభవం గురించి ఏ పాత అభిమానిని అడిగినా ‘పంచపాండవులు’ అంటారు. వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురూ దక్షిణాది నుంచి వెళ్ళినవాళ్ళే! బయటినుంచి వచ్చినవాళ్ళను గుండెల్లో పెట్టుకున్న చరిత్ర ఆ క్లబ్‌కు ఉంది.

అందుకని మీరు క్షమాపణతో కాకుండా ఒక ప్రశ్నతో మొదలుపెట్టండి. మ్యాచ్ లేని రోజు, తీరిగ్గా ఉన్నప్పుడు, “మీరు మొదటిసారి మైదానానికి ఎవరితో వెళ్ళారు మావగారూ?” అని అడగండి. పంచపాండవుల గురించి కూడా అడగండి. మధ్యలో అడ్డురాకుండా వినండి. ఆ తర్వాత, “ఆ రోజు మీరన్న మాటకు బాధపడ్డాను” అని మీరూ చెప్పండి. అది దాచుకుంటే లోపలే పుండవుతుంది. ఇష్టం లేకపోతే అభిమానిగా నటించనక్కర్లేదు, కనిపెట్టేస్తారు. మీకు నచ్చేదేదో, అది పాటలైనా పండగైనా, ఆ ఇంట్లో దానికీ చోటు అడగండి.

నాకు ఎక్కువ దిగులు మీవారి గురించి. ‘పట్టించుకోవద్దు’ అంటే ఆయనకు తేలిక, మీకు ఒంటరితనం. ఈ చరిత్రంతా ఆయనే మీకు ముందుగా చెప్పాల్సింది. ఈ రెండు జట్లూ తలపడే డెర్బీ మళ్ళీ వచ్చిన రోజున తన పక్కనే కూర్చోబెట్టుకుని ఆట వివరించమనండి. మ్యాచ్‌తో సంబంధం లేని రోజుల్లో కూడా మీ భాష మీదో వంట మీదో ‘బయటిది’ అన్న మాట వస్తుంటే, దాన్ని ఫుట్‌బాల్ ఖాతాలో వేయకండి. అప్పుడు తల్లిదండ్రులతో మాట్లాడాల్సింది మీవారే. ఆయన అందుకు ఒప్పుకోకపోతే మళ్ళీ రాయండి, ఈసారి ఆయన్నీ కలిపి మాట్లాడదాం.