క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ క్రాష్ అవుతుంటే ముందు ర్యామ్ చూడండి

మీ కంప్యూటర్‌లో విండోస్ 7, 2 జీబీ ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకునే తాత్కాలిక మెమరీ) ఉన్నాయని, నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే క్రోమ్ అయినా ఫైర్‌ఫాక్స్ అయినా మూసుకుపోతోందని అడిగారు. రెండు బ్రౌజర్లూ ఒకేలా పడిపోతున్నాయంటే తప్పు వాటిది కాకపోవచ్చు. బ్రౌజర్లు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం ఇక ఆపండి, టైమ్ వేస్ట్.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. బ్రౌజర్ నడుస్తుండగా పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో మెమరీ 90 శాతం దాటుతుంటే కారణం దాదాపు దొరికినట్టే. ర్యామ్ నిండాక విండోస్ హార్డ్‌డిస్క్‌నే మెమరీలా వాడుకుంటుంది. డిస్క్‌కి అంత వేగం ఉండదు కాబట్టి కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది, అదీ చాలకపోతే బ్రౌజర్ మూసుకుపోతుంది. ఇంకో 2 జీబీ వేస్తే తేడా తెలుస్తుంది. కొనేముందు మీ మదర్‌బోర్డుకి పట్టే ర్యామ్ రకం డీడీఆర్2నా, డీడీఆర్3నా చూసుకోండి, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు.

మెమరీ ఖాళీగా ఉన్నా క్రాష్ అవుతోందా? స్టార్ట్ మెనూలో విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్ వెతికి నడపండి. ర్యామ్ చెడిపోయి ఉంటే చాలావరకు అందులో బయటపడుతుంది. అదీ బాగుంటే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (బొమ్మలు, వీడియోల పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించే సదుపాయం) ఆపి చూడండి. పాత గ్రాఫిక్స్ డ్రైవర్లతో దానికి ఒక్కోసారి పడదు.

ఇంకో మాట. విండోస్ 7కి క్రోమ్ 109వ వెర్షన్‌తోనే ఆగిపోయింది, ఆ తర్వాత దానికి భద్రతా అప్‌డేట్లు రావు. అందుకే బ్యాంకు పనులు మాత్రం ఆ కంప్యూటర్‌లో వద్దు.