జ్వరం తగ్గాక డెంగీ ప్రమాదం పోయినట్టేనా? – సమాధానం

మీ తమ్ముడికి ఐదో రోజు జ్వరం తగ్గింది, ప్లేట్‌లెట్లు 80 వేలకు పడ్డాయి, ఎక్కించాలా అని అడిగారు కదండీ. రక్తస్రావం లేకపోతే ఆ సంఖ్య ఒక్కటే చూసి సాధారణంగా ఎక్కించరు. అసలు గమనించాల్సింది వేరే ఉంది. డెంగీలో జ్వరం దిగాక వచ్చే 24 నుంచి 48 గంటలే గడ్డుకాలం. అప్పుడే రక్తనాళాల్లోంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) బయటికి కారి, రక్తం చిక్కబడి, బీపీ పడిపోవచ్చు. అందుకే ప్లేట్‌లెట్లతో పాటు హిమాటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) కూడా చూడమని డాక్టర్ని అడగండి. అది పెరుగుతుంటే జాగ్రత్త పడాలి.

తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, చేతులు చల్లబడటం, మూత్రం తగ్గడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, రాత్రైనా సరే, ఆసుపత్రికి తీసుకెళ్లండి. నొప్పులకు పారాసిటమాల్ మాత్రమే, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులో. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి.

ఒకసారి వచ్చింది కాబట్టి మళ్లీ రాదనుకోకండి. ఈ వైరస్‌లో 4 రకాలున్నాయి, వేరే రకం సోకితే రెండోసారి ముదిరే అవకాశం ఎక్కువ. డెంగీ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది, పగటి నిద్రకీ దోమతెర కట్టండి. నీళ్ల తొట్లు వారానికోసారి ఒంపేస్తే చాలదు, గోడలకు అంటిన గుడ్లు పోయేలా రుద్ది కడగాలి.