పోచంపల్లి చీరకి అంత ధర ఎందుకు?

షాపులో ఎనిమిది వేలు చెప్పిన పోచంపల్లి చీర లాంటిదే బయట తొమ్మిది వందలకి దొరుకుతోంది, తేడా ఏముంది అని అడిగారు. మాది నేతపని ఇల్లు కాబట్టి చూసింది చెప్తాను.

ముందు ఆ తొమ్మిది వందల చీర కొంగు తిరగేసి చూడండి. అద్దకం చీరకి వెనకవైపు రంగు వెలిసినట్టుంటుంది. చేత్తో నేసిన పోచంపల్లికి రెండు వైపులా ఒకటే డిజైను, పువ్వు అంచు దగ్గర రంగు కాస్త పాకినట్టు ఉంటుంది. ఎందుకంటే మా దగ్గర రంగు బట్టకి కాదు, నేయకముందే దారానికి పడుతుంది. పోగుల్ని లెక్కపెట్టి, సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టి (దీన్నే చిటికీ కట్టడం అంటాం) రంగులో ముంచుతారు, కట్టిన చోట రంగు ఎక్కదు, అది విప్పి ఇంకోచోట కట్టి మరో రంగు, అలా ఎన్ని రంగులుంటే అన్నిసార్లు.

దానికి ముందు ఇంకో పనుంది, ఆసు పోయడం. అర్ధచంద్రాకారంలో మేకులున్న చట్రానికి పేక దారాన్ని (చీరలో అడ్డంగా వచ్చే దారం) అటూ ఇటూ తిప్పుతూ వేయాలి. ఒక్క చీరకి నాలుగైదు గంటలు, చెయ్యి సుమారు 9 వేల సార్లు కదలాలి. మా ఇంట్లో ఆ పని అమ్మది. రోజుకి రెండు చీరల ఆసు పోసిన రాత్రి చెయ్యి పైకి లేచేది కాదు, ముద్ద నోటిదాకా ఎత్తలేక తలే కంచం మీదికి వంచి తినేది. "చీర కట్టేది ఎవరో, గుంజేది నా చెయ్యి బిడ్డా" అనేది. అయినా ఊళ్లో అందరూ చీర నాన్న నేశాడనే అనేవారు, ఆసు సంగతి ఎవరూ ఎత్తేవారే కాదు. అది నాకు ఇప్పటికీ బాధే.

ఆలేరు దగ్గర శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ పడే ఈ బాధ చూడలేకే 1999లో ఆసు యంత్రం తయారుచేసి ఆమె పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. చీరకి గంటన్నర చాలు. 2017లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. మా ఇంటికి ఆ మిషను వచ్చేసరికి నేను ఇంటర్‌లో ఉన్నా, మొదటిరోజు అమ్మ పక్కనే స్టూలు వేసుకుని అది తిరుగుతుంటే చూస్తూ కూర్చుంది.

పోచంపల్లి చీర వేల ఏళ్ల నాటిదని కొందరు చెప్తారు, నమ్మకండి. మా పనికి పాత మూలం చీరాల తేలియా రుమాళ్లు. నూలుని నూనెలో, ఆముదం కాయల బూడిదలో నానబెట్టి ఎరుపు, నలుపు, తెలుపుల్లో నేసేవారు, అరబ్బు దేశాలకి ఎగుమతయ్యేవి. చీరలు ఆ తర్వాతే. యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో ఇప్పటికీ తేలియా నేస్తున్నారు, 2020లో దానికి జీఐ (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది.

మీకు వీలైతే షాపులో కాకుండా భూదాన్ పోచంపల్లికో పుట్టపాకకో వెళ్లి మగ్గం దగ్గరే కొనండి. ఆసు ఎవరు పోశారో అడగండి, చాలా ఇళ్లలో ఆవిడ లోపలి గదిలోనే ఉంటుంది, పిలుస్తారు.