కాల్చిన నిమ్మకాయలతో నిమ్మరసం చేస్తే చేదు ఎందుకు వస్తుంది? ఎలా చేయాలి?

చేదుకు కారణం దాదాపు ఎప్పుడూ తొక్కే. కాయను అన్ని వైపులా తిప్పి కాలిస్తే తొక్క మాడి, ఆ చేదు పిండేటప్పుడు రసంలోకి దిగుతుంది. కాల్చాల్సింది కోసిన ముఖం ఒక్కటే.

లీటరుకు కాస్త తక్కువ రావాలంటే మంచి రసమున్న 8 నిమ్మకాయలు తీసుకోండి. అడ్డంగా కోసి, కనిపించే గింజలు తీసేసి, కోసిన వైపు పంచదారలో అద్దండి. బాగా కాగిన గ్రిల్ పాన్ (అడుగున గట్లు గట్లుగా ఉండే పెనం) మీద ఆ వైపు బోర్లించి 2-3 నిమిషాలు కదపకుండా ఉంచండి. ముదురు తేనె రంగు రాగానే తీసేయాలి. నల్లబడితే ఆ పంచదారే చేదెక్కుతుంది. మామూలు ఇనుప పెనం వద్దు, పులుపు తగిలి ఇనుము వాసన పట్టేస్తుంది. బొగ్గుల మీద జాలీ ఉంటే అన్నిటికన్నా మేలు, ఆ పొగ రుచి పెనం మీద రాదు.

చల్లారాక చేత్తో మెత్తగా పిండండి. వేడికి తొనలు మెత్తబడి ఉంటాయి కాబట్టి బలం అక్కర్లేదు, గట్టిగా నలిపితే గింజలు చితుకుతాయి. రసం వడకట్టి, 100 గ్రాముల పంచదార కరిగించిన 750 మి.లీ. చల్లటి నీళ్లు, చిటికెడు ఉప్పు కలపండి.

బత్తాయి కూడా ఇలాగే కాల్చవచ్చు, పంచదార తగ్గించుకోండి. కానీ దాని రసం నిలవుంటే దానంతటదే చేదెక్కుతుంది, వేడి తగిలితే ఇంకా త్వరగా. పిండిన వెంటనే తాగేయాలి.