పాత సూపర్‌హీరో కామిక్స్‌లో ఎమోషన్ అంత ఓవర్‌గా ఎందుకుంటుంది, ఇప్పటివాటిలో ఏం మారింది?

పాతవాటిలో బొమ్మలో కనిపించేదే మళ్ళీ బెలూన్‌లో (పాత్ర మాటలు రాసే బుడగలో) మాటల్లో చెప్పేవాళ్ళు, అందుకే ఓవర్‌గా అనిపిస్తుంది. 1966 నాటి అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 33వ ఇష్యూ చూడండి, పెద్ద మెషిన్ కింద ఇరుక్కుపోయి పైనుంచి నీళ్ళు కారుతుంటే పీటర్ (స్పైడర్‌మ్యాన్ అసలు పేరు) తనని పెంచిన ఆంట్ మే అనే ఆవిడని ఎలాగైనా బతికించుకోవాలి, ఈసారి ఓడిపోకూడదు అని పేజీలకి పేజీలు తనలో తనే అనుకుంటూనే ఉంటాడు. దీనికి ఒక కారణం దాన్ని వేసే మార్వెల్ కంపెనీ అప్పటి పని పద్ధతి, ముందు ఆర్టిస్ట్ పేజీలన్నీ గీసేస్తే తర్వాత రచయిత స్టాన్ లీ డైలాగులు నింపేవాడు, పైగా చదివేవాళ్ళలో పిల్లలే ఎక్కువ. నిజానికి స్టీవ్ డిట్కో గీసిన ఆ పేజీలు మాటలు తీసేసినా అర్థమైపోతాయి, అది వేరే సంగతి.

1986లో వాచ్‌మెన్, డార్క్ నైట్ రిటర్న్స్ అనే కామిక్స్ వచ్చాక థాట్ బెలూన్లు (మనసులో మాట రాసే బుడగలు) మెల్లగా తగ్గి క్యాప్షన్ బాక్సులు (కథనం రాసే చిన్న డబ్బాలు) పెరిగాయి. 2017లో మొదలైన మిస్టర్ మిరాకిల్ అనే కామిక్‌లో అయితే హీరో డిప్రెషన్ గురించి పెద్దగా చెప్పరు, తొమ్మిది గళ్ళ పేజీలో మధ్యమధ్య నల్ల గడి వచ్చి పడుతుంటుంది, మనకే ఊపిరాడదు.

కాకపోతే ఇప్పుడు ప్రతి హీరో మూతి ముడుచుకునే ఉంటాడు, అదీ ఒకరకం ఓవరే కదా.